ఉంది, ఉంటుంది: 'మామూలుగా ఇంతే' అనే మాటను లోజ్బాన్‌లో ఎలా చెప్తారు?

గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయికి కమీషన్ కొట్టు ఉంది. సీజన్‌లో పొద్దున్నే వెళ్తే కొట్టు ముందు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వరసగా నిలబెట్టి ఉంటాయి. కొనే వ్యాపారి వస్తాడు. టిక్కీ కుట్టు కాస్త విప్పి, చెయ్యి లోపలికంటా దూర్చి ఒక గుప్పెడు కాయలు పైకి తీస్తాడు. అందులో ఒకటి విరిచి చూస్తాడు. ఫట్‌మంటే ఎండినట్టు, వంగితే ఇంకా తేమ ఉన్నట్టు. రంగు చూస్తాడు, తొడిమ చూస్తాడు, తెల్లబడ్డ తాలు కాయలు ఎన్ని ఉన్నాయో బొటనవేలితో పక్కకి నెట్టి చూస్తాడు. ఆ గుప్పెడు చూసి టిక్కీ మొత్తానికీ ధర చెప్తాడు.

ఆ పక్కనే కుర్చీలో కూర్చుని ఒక రోజు నేను ఫోన్‌లో లోజ్బాన్ పాఠం చదువుకుంటున్నాను. "ఏంట్రా అది?" అన్నాడు బాబాయి. తర్కం మీద కట్టిన భాష బాబాయ్, అందులో రాసిన వాక్యం నిర్మాణాన్ని రెండు రకాలుగా విడగొట్టడం కుదరదు అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే గుంటూరు మిరపకాయ కారంగా ఉంటుంది అని అందులో ఎలా అంటారో చెప్పు" అన్నాడు.

ఇంత చిన్న వాక్యమేగా అనుకుని అనువాదం మొదలుపెట్టాను. రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో లోజ్బాన్ గురించి కంటే మనం రోజూ వాడే 'ఉంటుంది' అనే మాట గురించి నేను ఎక్కువ నేర్చుకున్నాను.

ముందు ఆ భాష సంగతి కొంచెం చెప్పాలి. లోజ్బాన్ ఒక ప్రాంతంలో తరతరాలుగా పెరిగిన భాష కాదు, కావాలని తయారుచేసింది. 1955లో అమెరికాలో జేమ్స్ కుక్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త 'లాగ్లాన్' అనే భాషకు పునాది వేశాడు. మనం మాట్లాడే భాష మన ఆలోచనను మలుస్తుందా అన్నది ఆయన ప్రశ్న. మామూలు భాషలకు బాగా దూరంగా, పూర్తిగా తర్కశాస్త్రం మీద నిలబడే భాష ఒకటి ఉంటే ఈ ప్రశ్నను పరీక్షించవచ్చని ఆయన ఆశ. 1960లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో దాని మీద వ్యాసం రావడంతో చాలామందికి తెలిసింది. తర్వాత ఆ భాష హక్కులు ఎవరివన్న గొడవ వచ్చి, 1987లో కొందరు విడిపోయి లాజికల్ లాంగ్వేజ్ గ్రూప్ పేరుతో మాటలన్నిటినీ కొత్తగా కట్టారు. అదే లోజ్బాన్. 1,300 పైచిలుకు మూలపదాలు ఉంటాయి. చైనీస్, ఇంగ్లీషు, హిందీ, స్పానిష్, రష్యన్, అరబిక్ భాషల మాటల్లోని ధ్వనులను కలిపి వాటిని తయారుచేశారు. జాన్ కోవన్ రాసిన సమగ్ర వ్యాకరణం 1997లో అచ్చయింది.

ఒక జాగ్రత్త. వాక్య నిర్మాణంలో సందిగ్ధత లేదంటే అర్థంలో కూడా లేదని కాదు. ఏ మాట ఏ మాటకు అతుకుతుందో లోజ్బాన్‌లో కచ్చితంగా తెలుస్తుంది. ఆ మాటకు అర్థం ఎంత వరకు అన్నది మాత్రం అక్కడా తెగని వ్యవహారమే. మన మిరపకాయ సరిగ్గా అక్కడే చిక్కుకుంది.

తర్కశాస్త్రం దగ్గర రెండు పాత పనిముట్లు ఉన్నాయి: 'అన్నీ', 'కనీసం ఒకటి'. లోజ్బాన్‌లో వీటిని రొ, సుహొ అంటారు. రొ పెట్టి చెప్తే 'గుంటూరు మిరపకాయ ప్రతిదీ కారమే' అవుతుంది. అది అబద్ధం. యార్డుకి బాడిగ రకం కూడా వస్తుంది, అది పేరు తెచ్చుకున్నది రంగుతోనే, కారం తక్కువ. ఒక్క బాడిగ కాయ చూపిస్తే రొ వాక్యం కూలిపోతుంది. సుహొ పెడితే 'కారంగా ఉండే గుంటూరు మిరపకాయ ఒకటైనా ఉంది' అవుతుంది. అది నిజమే కానీ అంత మాత్రానికి వాక్యం ఎందుకు? ఆ మాటకొస్తే కారంగా ఉండే కాయ ఏ ఊళ్ళోనైనా ఒకటి దొరుకుతుంది.

పోనీ మధ్యలో ఉన్నది తీసుకుందాం. 'చాలావరకు' అనడానికి సొహె అనే మాట ఉంది. 'గుంటూరు మిరపకాయల్లో ఎక్కువ భాగం కారంగా ఉంటాయి.' సరిపోయినట్టే అనిపిస్తుంది. నేను కూడా మూడు రోజులు అక్కడే ఆగిపోయాను. తర్వాత మా ఇంటి వెనక కోళ్ళు నన్ను కదిలించాయి.

'కోడి గుడ్లు పెడుతుంది.' ఇది నిజం కాదని ఎవరూ అనరు. కానీ పుంజులు పెట్టవు, పిల్లలు పెట్టవు, ముసలి పెట్టలు మానేస్తాయి. ఏ రోజైనా లెక్క తీస్తే గుడ్లు పెట్టేవి సగం కంటే తక్కువే ఉండొచ్చు. అయినా వాక్యం చెక్కు చెదరదు. ఇంకోటి చూడండి. 'గుంటూరు వాళ్ళు కుడిచేత్తో రాస్తారు.' లెక్క ప్రకారం దాదాపు అందరూ అంతే. కానీ ఆ వాక్యం వింటే ఏదో తేడాగా అనిపిస్తుంది. అది గుంటూరు వాళ్ళ గురించి చెప్పిన సంగతి కాదు, మనుషుల గురించిన సంగతి. 'దోమలు డెంగీ తెస్తాయి' అంటాం. డెంగీ క్రిమి మోసే దోమలు మొత్తం దోమల్లో చాలా కొద్ది. అయినా ఆ మాట నిజమే, పైగా ప్రాణాలు కాపాడే నిజం.

అంటే ఇలాంటి వాక్యాలు తలకాయలు లెక్కపెట్టడం మీద నిలబడవు. సగం దాటినా పనికిరాకపోవచ్చు, నూటికి ఒకటి ఉన్నా పనికిరావచ్చు. ఆ జాతికీ ఆ గుణానికీ మధ్య ఏదో గట్టి సంబంధం ఉందని మనం చెప్తున్నాం. ఆ సంబంధం ఒక్కో వాక్యంలో ఒక్కో రకం. కోడికి గుడ్డు దాని పుట్టుకలో భాగం, దోమకు డెంగీ మనకు దాని వల్ల ఉన్న ప్రమాదం, మిరపకాయకు కారం మనం దాన్ని కొనే కారణం. భాషాశాస్త్రంలో ఈ రకం వాక్యాల మీద గట్టి పని 1970ల్లో మొదలైంది. గ్రెగ్ కార్ల్‌సన్ 1977లో సమర్పించిన పరిశోధనా గ్రంథం అందులో పెద్ద మలుపు. 'కుక్కలు' అన్నప్పుడు ఒక్కోసారి మనం కొన్ని కుక్కల గురించి కాదు, కుక్క అనే జాతి గురించే నేరుగా మాట్లాడుతున్నామని ఆయన వాదించాడు.

ఇప్పుడు లోజ్బాన్ ఇచ్చిన జవాబు. ఈ ఇబ్బంది తయారుచేసినవాళ్ళకు ముందే తెలుసు. అందుకే నామవాచకం ముందు పెట్టే చిన్న మాటల్లో రెంటిని దీని కోసమే ఉంచారు. ఒకటి లొహె. రెండోది లెహె, దాని సంగతి తర్వాత. లొహె అంటే 'ఆ జాతిలో మామూలుగా ఉండేది', మచ్చుకి చూపించదగ్గది. 'లొహె షిప్ని షు వొఫ్లి' అంటే 'పక్షి ఎగురుతుంది'. షిప్ని పక్షి, వొఫ్లి ఎగరడం, షు ఆ రెంటినీ విడదీసే చిన్న గోడ. ఈముకోడి ఎగరదుగా అని ఎవరూ అడ్డం పడలేరు, ఎందుకంటే మనం అన్ని పక్షులనీ అనలేదు, మామూలు పక్షి గురించే అన్నాం.

మొదట ఇది చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. పక్కనే ఉన్న ఇంకో మాటతో పోల్చినప్పుడు దీని విలువ ఇంకా బాగా కనిపిస్తుంది. లోజ్బాన్‌లో లొఇ అని ఉంది. అది ఒక గుంపును ఒకే ముద్దగా చూస్తుంది. ఆ ముద్దలో ఒక మూలకు ఉన్న గుణం ముద్ద మొత్తానికీ చెందుతుంది. 'గుంటూరు వాళ్ళు అమెరికాలో ఉంటారు' అన్న వాక్యాన్ని లొఇ పెట్టి చెప్తే నిజం, ఎందుకంటే మనవాళ్ళు కొందరు అక్కడ ఉన్నారు. లొహె పెట్టి చెప్తే అబద్ధం, ఎందుకంటే మామూలు గుంటూరు మనిషి గుంటూరులోనే ఉంటాడు. తెలుగులో ఈ రెండు అర్థాలూ ఒకే వాక్యంలో కలిసిపోయి ఉంటాయి. వినేవాళ్ళు సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి.

సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. మళ్ళీ ఆ కోళ్ళే. జిప్షి అంటే లోజ్బాన్‌లో కోడి, పెట్టా పుంజూ రెండూ. 'లొహె జిప్షి గుడ్లు పెడుతుంది.' నిజం. 'లొహె జిప్షి తెల్లారగట్ల కూస్తుంది.' అదీ నిజం, మనం 'కోడి కూసింది' అనే అంటాం, పుంజు కూసిందని విడిగా చెప్పం. రెండు వాక్యాల్లోనూ ఉన్నది ఒకే లొహె జిప్షి. మరి తెల్లారగట్ల కూసి, పొద్దెక్కాక గుడ్డు పెట్టే ఆ కోడి ఎక్కడుంది? ఏ పెరట్లోనూ లేదు. మామూలు కోడి అనే ఒక ప్రాణి ఉందని, దాని గుణాలు మనం చెప్తున్నామని అనుకుంటే, మన చేతికి వచ్చేది లోకంలో లేని ప్రాణి.

దీన్ని ఎంత నెమ్మదిగా ఆలోచిస్తే అంత మంచిది. లొహె ఒక వస్తువు పేరులా కనిపిస్తుంది. నామవాచకం ముందు కూర్చుంటుంది కాబట్టి దాని వెనక ఒక 'అది' ఉందని అనిపిస్తుంది. నిజానికి వెనక ఉన్నది ఒక కోడి కాదు, కోళ్ళ గురించి మనకు తెలిసిన రకరకాల సంగతులు. యార్డులో వ్యాపారి తీసిన గుప్పెడును చూడండి. అందులో ఉన్నవి నిజమైన కాయలు, చేత్తో పట్టుకోవచ్చు, విరవచ్చు. అవి మచ్చు. ఆ మచ్చును బట్టి ఆయన టిక్కీ మొత్తం మీద ఒక అంచనాకి వస్తాడు. కానీ టిక్కీలో ఎక్కడ వెతికినా 'మామూలు కాయ' అని విడిగా ఒకటి దొరకదు. లొహె చేసే పొరపాటు, నాకు తెలిసినంత వరకు, మచ్చుకీ అంచనాకీ మధ్య ఉన్న ఈ తేడాను కప్పేయడమే.

దీనికి పాత రూపం ఒకటి లాగ్లాన్ రోజుల్లోనే ఉంది. కుందేళ్ళన్నిటినీ కలిపి 'మిస్టర్ కుందేలు' అనే ఒకే వ్యక్తిగా ఊహించుకోమని, కనిపించే ప్రతి కుందేలూ ఆయన ఒక్కో రూపమని అప్పట్లో వివరించేవారు. మన పిల్లల కథల్లో నక్కబావ, కుందేలు మామ ఇలాగే తిరుగుతుంటారు. ఏ కథలో విన్నా నక్కబావ ఒక్కడే, జిత్తులమారి. కథకి ఈ ఊహ బాగా సరిపోతుంది. తర్కానికి మాత్రం ఆ మిస్టర్ కుందేలు ఒకే క్షణంలో నల్లగానూ తెల్లగానూ ఉండాల్సి వస్తుంది.

లోజ్బాన్ మాట్లాడేవాళ్ళకు ఇది తెలియక కాదు. లొహె అర్థం మీద వాళ్ళలో వాళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో అర్జెంటీనాకు చెందిన హోర్హె ల్యాంబియాస్ చేసిన ప్రతిపాదనతో ఈ చిన్న మాటల వ్యవస్థే మారింది. అంతకుముందు లొ అనే మామూలు మాటకు 'కనీసం ఒకటి' అనే అర్థం కనిపించకుండా అంటుకుని ఉండేది. ఆ అంటుకున్నది ఊడదీశారు. ఇప్పుడు లొ ముందు సంఖ్య చెప్పకపోతే సంఖ్య లేనట్టే. 'లొ షిప్ని షు వొఫ్లి' అంటే ఒక పక్షి కావచ్చు, కొన్ని కావచ్చు, పక్షి జాతి కావచ్చు, సందర్భం చెప్తుంది. తెలుగులో 'పక్షి ఎగురుతుంది' అన్నప్పుడు మనం చేసే పని కూడా ఇదే. అంత కష్టపడి కట్టిన తర్క భాష చివరికి మన వాడుక పక్కకే వచ్చి నిలబడిందంటే, మన వాడుకలో తర్కం లేదనేవాళ్ళు ఇంకోసారి ఆలోచించాలి.

లొహె కంటే ఫద్ని అనే మూలపదం నాకు ఎక్కువ నచ్చింది. దాని అర్థం 'మామూలుగా ఉండటం', కానీ దానికి మూడు ఖాళీలు ఉంటాయి: ఏది మామూలు, ఏ గుణంలో మామూలు, ఎవరి మధ్య మామూలు. ఆ ఖాళీలు వదిలేయవచ్చు, కానీ వదిలేశామని మనకు తెలుస్తూనే ఉంటుంది. 'ఈ సన్నం రకం కాయ కారంలో, యార్డుకి వచ్చే కాయల మధ్య మామూలు' అని చెప్తే ఎవరికీ అనుమానం ఉండదు. అదే కాయను రంగులో పోలిస్తే మామూలు కాకపోవచ్చు. అదే కాయను బళ్ళారి వైపు కాయల మధ్య పెడితే కారంలోనూ మామూలు కాకపోవచ్చు. సగటు సంగతి చెప్పడానికి ష్ననొ అనే పదం ఉంది. అది ఇంకో ఖాళీ కూడా అడుగుతుంది: ఎవరి కొలత ప్రకారం?

ఇంతవరకు చెప్పిందంతా నామవాచకం చుట్టూ తిరిగింది. తెలుగువాడిగా నాకు అసలు ప్రశ్న ఇక్కడ మొదలైంది. మనకు 'ది', 'ఎ' లాంటి మాటలు లేవు. 'కుక్క' అంటే ఆ కుక్క కావచ్చు, ఒక కుక్క కావచ్చు, కుక్క జాతి కావచ్చు. మరి తేడా ఎక్కడ చూపిస్తాం?

పళ్ళెంలో పచ్చడి కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని 'కారంగా ఉంది' అంటాం. ఊరు గురించి మాట్లాడుతూ 'గుంటూరు పచ్చడి కారంగా ఉంటుంది' అంటాం. మే నెలలో విజయవాడ బస్టాండులో దిగి 'అబ్బ, ఎంత ఎండగా ఉంది' అంటాం. హైదరాబాద్ నుంచి రాబోతున్న చుట్టాలకు ఫోన్ చేసి 'విజయవాడలో ఎండగా ఉంటుంది, పిల్లలకి టోపీలు తెచ్చుకోండి' అంటాం. ఉంది అంటే ఇది, ఇప్పుడు, నా ముందు. ఉంటుంది అంటే దాని తీరు అది. నాలుగేళ్ళ పిల్లలు కూడా ఈ రెండూ తప్పు వాడరు. ఇంగ్లీషులో రెండు చోట్లా ఒకే క్రియ పెట్టి సరిపెట్టుకోవాల్సి వస్తుంది, లోజ్బాన్‌లో ఏమీ పెట్టకపోతే రెంటిలో ఏదో తెలియదు.

మన పాత వ్యాకరణాలు దీనికి పేరు కూడా పెట్టాయి. చిన్నయసూరి బాలవ్యాకరణం చదువుకున్నవాళ్ళకి గుర్తుంటుంది, భూత, భవిష్యత్, వర్తమానాల పక్కన తద్ధర్మం అని ఒకటి ఉంది. తద్ధర్మం అంటే దాని ధర్మం, దాని స్వభావం. 'సూర్యుడు తూర్పున ఉదయించును', 'ఆవు పాలిచ్చును'. నిన్నా కాదు, ఇవాళా కాదు, రేపూ కాదు, ఎప్పుడూ అంతే. బళ్ళో ఇది బట్టీ పట్టినప్పుడు కాలాల్లో నాలుగోది అనుకుని వదిలేశాను. ఇప్పుడు చూస్తే మన వ్యాకర్తలు స్వభావం చెప్పే వాక్యానికి క్రియలోనే ఒక గది కట్టి ఇచ్చారు. పాలివ్వని పెయ్యలున్నా, ఒట్టిపోయిన ఆవులున్నా ఆ వాక్యానికి ఏమీ కాదు, ఎందుకంటే అది ఆవుల లెక్క కాదు, ఆవు ధర్మం. వ్యతిరేకంలో కూడా ఈ గది ఉంది. 'మా నాయనమ్మ ఉల్లిపాయ తినలేదు' అంటే ఆ పూట సంగతి. 'తినడం లేదు' అంటే ఈ మధ్య సంగతి. 'తినదు' అంటే ఆవిడ నియమం.

లోజ్బాన్‌లో కూడా క్రియ వైపు ఇలాంటి మాటలు ఉన్నాయని ఆ తర్వాతే గమనించాను. నహొ అంటే 'మామూలుగా జరిగేది', తహె అంటే 'అలవాటుగా చేసేది', దిహి అంటే 'క్రమం తప్పకుండా'. 'బాబాయి తహె టీ తాగుతాడు' అంటే ఆయనకు టీ అలవాటు. ఇవి మన తద్ధర్మానికి దగ్గరగా వస్తాయి. కానీ ఒక తేడా ఉంది. ఇవి కాలంలో పరుచుకుంటాయి, జాతిలో కాదు. ఒక పని రోజుల మీద ఎలా సర్దుకుని ఉందో చెప్తాయి. కోళ్ళ మీద ఎలా సర్దుకుని ఉందో చెప్పవు. మన 'ఉంటుంది' రెండు పనులూ ఒక్కటే చేస్తుంది. బాబాయి అలవాటుకీ అదే, మిరపకాయ జాతికీ అదే. దాంతో సౌకర్యం ఎంత ఉందో అయోమయం కూడా అంతే ఉంది.

ఆ అయోమయాన్ని లోజ్బాన్ విడదీసిన తీరులో రెండు చోట్లు నాకు బాగా ఉపయోగపడ్డాయి.

ఒకటి, సామర్థ్యం. కొత్త మిక్సీ డబ్బా కూడా విప్పకుండా 'ఇది ఎండుమిర్చి కూడా దంచుతుంది' అని షాపువాడు చెప్తాడు. అది ఒక్క కాయ కూడా ఇంతవరకు దంచలేదు. 'దంచుతుంది' అంటే ఇక్కడ దంచగలదు. లోజ్బాన్‌లో కహె అనే మాట దీని కోసమే. పుట్టుకతో లేదా తయారీతో వచ్చిన శక్తిని చెప్తుంది. నిజంగా జరుగుతున్నదానికి షహ. షాపువాడి చేత కహె అనిపిస్తే కొనేవాడికి ఎంతో మేలు.

రెండోది, నియమం. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది. 'అన్నం తినేటప్పుడు మాట్లాడరు.' 'పెద్దవాళ్ళ ముందు కాలు మీద కాలు వేసుకోరు.' 'మగపిల్లలు ఏడవరు.' 'ఆడపిల్లలు గట్టిగా నవ్వరు.' వీటి రూపం చూడండి, అచ్చం 'నాయనమ్మ ఉల్లిపాయ తినదు' లాగే ఉంది. చూసి చెప్పిన సంగతిలా వినిపిస్తుంది. నిజానికి ఇవి ఆజ్ఞలు. మగపిల్లలు ఏడుస్తారు, ఎవరి ఇంట్లో చూసినా ఏడుస్తారు. చెప్పేవాళ్ళకీ తెలుసు. 'ఏడవకు' అంటే ఆ పిల్లవాడు ఎందుకు అని అడగొచ్చు. 'ఏడవరు' అంటే అడగడానికి ఏమీ మిగలదు, లోకమే అలా ఉన్నట్టు వాడు నమ్ముతాడు. లోజ్బాన్‌లో 'ఇలా ఉండాలి' అన్న భావానికి ఎయ్ అనే చిన్న మాట ఉంది, అది వాక్యంలో పెడితే సంగతి బయటపడుతుంది. ఎయ్ పెట్టకుండా చెప్తే అది వట్టి వర్ణన, దాన్ని నిజమో కాదో చూడొచ్చు. ఈ రెంటినీ విడిగా పెట్టడం చిన్న విషయం కాదు. నా చిన్నప్పుడు నాకు చెప్పిన 'రు'తో అంతమయ్యే వాక్యాల్లో ఎన్ని ఎయ్‌లు దాక్కుని ఉన్నాయో ఇప్పుడు వరసగా గుర్తుకొస్తున్నాయి.

ఇక లెహె. లొహె మామూలు అయితే లెహె 'నేను మామూలని అనుకునేది'. లోకంలో ఎలా ఉన్నా సరే, నా మనసులో ఆ జాతి బొమ్మ ఇది అని ఒప్పుకోవడం. ఆ బొమ్మ చెడ్డదే కానక్కర్లేదు, మంచిది కూడా కావచ్చు.

ఉద్యోగం వచ్చిన కొత్తలో విజయవాడ పటమటలో గది కోసం తిరిగాను. గేటుకు టులెట్ బోర్డు చూసి ఒక ఇంటికి వెళ్తే పెద్దాయన బయటకు వచ్చి, పెళ్ళయిందా అని అడిగి, కాలేదనగానే "బ్యాచిలర్లకి ఇవ్వం బాబూ, బ్యాచిలర్లు ఇల్లు పాడుచేస్తారు" అన్నారు. నేను అంతకుముందు రెండేళ్ళు ఉన్న గది ఫోటోలు ఫోన్‌లో చూపించాను. ఓపికగా చూశారు. "నువ్వు శుభ్రంగానే ఉన్నావయ్యా, కాదనను. కానీ బ్యాచిలర్లంటే అంతే" అన్నారు.

అప్పుడు కోపం వచ్చింది కానీ ఆ మాటలో ఏం జరిగిందో అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతోంది. ఆయన 'బ్యాచిలర్లందరూ' అని ఉంటే నా ఫోటోలతో ఆ మాట ఓడిపోయేది. 'ఎక్కువ మంది' అని ఉంటే లెక్క ఏది అని అడిగి ఉండేవాణ్ణి. 'చేస్తారు' అన్నారు. ఆ తద్ధర్మ వాక్యానికి మినహాయింపులు తగలవు. ఎన్ని చూపించినా 'నువ్వు వేరు' అంటుంది, తను మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పక్షి ఎగురుతుంది అన్న వాక్యానికి ఈముకోడి నుంచి ఇచ్చిన రక్షణే బ్యాచిలర్లు పాడుచేస్తారు అన్న వాక్యానికి నా నుంచి ఇచ్చింది. ఒక చోట అది జ్ఞానం, ఇంకో చోట అది గేటుకి వేసిన తాళం. రెండు చోట్లా వ్యాకరణం ఒకటే. ఆ పెద్దాయన చెడ్డమనిషి కాదు, ఎండలో వచ్చానని మంచినీళ్ళు ఇచ్చి పంపారు. ఆయన నోట్లో ఉన్నది లెహె, నాకు వినిపించింది లొహె.

లోజ్బాన్ మాట్లాడేవాళ్ళు లెహె వాడినంత మాత్రాన మంచివాళ్ళైపోరు. ఎవరైనా తమ మనసులో బొమ్మకి లొహె తగిలించి చెప్పొచ్చు, భాష ఆపలేదు. కానీ చెప్పేముందు రెండు మాటల్లో ఒకటి ఎంచుకోవాలి. ఆ అర క్షణం మనకు దొరకడం లేదు.

ఈ ఎంపికను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళే మాటలు అందులో ఉన్నాయి. ఒక సంగతి మనకు ఎలా తెలిసిందో చెప్పే చిన్న మాటలు. జహ అంటే 'చూస్తున్నాను', తిహె అంటే 'విన్నాను', కహు అంటే 'మావాళ్ళలో అందరికీ తెలిసిందే', పెహి అంటే 'నా అభిప్రాయం'. వాటిలో ఒకటి సుహ. దానికి అర్థం 'కొన్ని చూసి మొత్తానికి చెప్తున్నాను'. గుప్పెడు చూసి టిక్కీకి ధర కట్టే వ్యాపారి నోట్లో ఉండాల్సిన మాట అది. వినేవాడికి అందులో ఒక అనుమతి కూడా ఉంది: ఏ కొన్ని చూశావు అని అడగొచ్చు. మనకు తిహెకు సరిగ్గా సరిపోయే 'అట' ఉంది. 'గుంటూరు వాళ్ళు కారం బాగా తింటారట' అనగానే చెప్పినవాడు తను చూడలేదని ఒప్పుకున్నట్టే. సుహకు మాత్రం మనకు ఒక్క మాట లేదు. 'నేను చూసినంతలో' అని రెండు మాటలు కలపాలి. కలుపుదాం, నోరేం అరిగిపోదు. ఆ ఇంటాయన 'నేను చూసినంతలో బ్యాచిలర్లు ఇల్లు పాడుచేశారు' అని ఉంటే నేను ఎంతమందిని చూశారు అని అడిగేవాణ్ణి, ఆయన ఇద్దరో ముగ్గురో అనేవారు, మాట అక్కడి నుంచి నడిచేది.

రెండు వారాల తర్వాత కొట్టుకి వెళ్ళి బాబాయికి ఇదంతా చెప్పాను. ఆయన ఒక టిక్కీ మీద చీటీ అతికిస్తూ విన్నాడు.

"ఇంతకీ ఏ మాట పెడతావు?" అన్నాడు.

"యార్డుకొచ్చే కాయ గురించి నువ్వు చెప్తే సుహ, బాబాయ్. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నావు కాబట్టి. సన్నం గురించైతే కారంలో ఫద్ని అని కూడా పెట్టొచ్చు."

"యార్డులో ఎవరూ గుంటూరు కాయ కారంగా ఉంటుంది అని చెప్పుకోర్రా. ఏ రకం అనే అడుగుతారు. తేజ అన్నామనుకో, కారం ఎంతో వాడికే తెలుసు. బాడిగ అంటే రంగు చూసుకుంటాడు." చీటీ నొక్కి ఒక నిమిషం ఆగాడు. "మరి గుంటూరు వాళ్ళు కారం తింటారు అంటారే, దానికో?"

ఆయన కొట్టు బల్ల మీద క్యారియర్ ఉంది. పిన్ని పొద్దున కట్టిచ్చింది, పప్పూ పెరుగన్నం. కడుపులో పుండు ఉందని డాక్టరు చెప్పినప్పటి నుంచి బాబాయి కారం తినడు.

"లెహె" అన్నాను.